నలభై ఒకటో పేజీ నుంచి

నీళ్లు దిగాక బీరువా తెరిస్తే
జ్ఞానస్నానాల పుస్తకం
టీలో ముంచి మరిచిపోయిన రొట్టెలా ఉబ్బి ఉంది.
ముందు పేజీలు నిలిచాయి,
గడ్డం ఫాదరు సిరా చిక్కగా కలుపుకునేవాడట.
నలభై ఒకటి నుంచి అరవై రెండు దాకా
పేర్లన్నీ కలిసి ఒకటే నీలం.

కొత్త పుస్తకం కొనిచ్చి
ఎత్తి రాయమన్నారు విచారణ గురువులు.
రిటైరైన పంతులమ్మని, గుండ్రటి చేతిరాత,
సాయంత్రాలు రెల్లులంకలో నాకు వేరే పనేముంది.

మొదట్లో అంతా లాటిను.
ఇగ్నాసియుస్, పేత్రుస్, పౌలుస్.
ఏ దేశపు దొరలో అనుకుంటే
మన ఇన్నాసి, మన రాయప్ప, మన చిన్నప్ప.
పుస్తకంలో రోమాపురి వాళ్లు,
బాడవలో మోకాటి లోతున నాట్లేసిన వాళ్లు.
పంతొమ్మిదో పేజీలో మా నాన్న.
ఆయనకి ఇందులో లేని పేరు ఇంకొకటుంది,
బడిలో రాయించింది, వెంకటస్వామి.
ఆ పేరుకే సర్టిఫికెట్టు,
ఆ పేరుకే లాకు దగ్గర లస్కరు ఉద్యోగం.
గుడి పేరుతో ఆయన్ని పిలిచింది
మా అమ్మా, ఫాదరూ,
చివర్న సమాధి మీద సిమెంటూ.

చెరిగిన పేజీలకి సాక్ష్యం శౌరమ్మ.
తొంభై దాటాయి, చూపు పోయింది,
ఈ లంకలో సగం మంది బొడ్డు కోసిన చెయ్యి.
గుడి అరుగు మీద కూర్చోబెట్టి
నేను తేదీ అడుగుతాను,
ఆవిడ ఏరు చెబుతుంది.

"బాలశౌరా? ఎర్రనీరు తగిలిన మర్నాడు.
ఆడి తమ్ముడు, ఇసక మేటేసి
పంటు ఆగిపోయిన ఏడు.
ఆరోగ్యం కూతురు... రాయి, రాయి,
గంట మునిగిందే, ఆ రాత్రి."

ఆ గంటని పడవలో తెస్తుంటే
పాయ మధ్యలో పడవ ఒరిగింది.
వలల వాళ్లు, కొబ్బరి దింపుల వాళ్లు
రెండు రోజులు మునిగి మునిగి పైకి తెచ్చారు.
అంచున చిన్న బీట.
అప్పట్నుంచీ మా గంట మోగదు, దగ్గుతుంది.
అవతలి గట్టు వాళ్లు నవ్వుతారు.
ఆత్మల పండుగనాడు కొవ్వొత్తుల మధ్య
ఆ దగ్గు వింటే, ఎందుకో,
లాకు తలుపులు ఎత్తి వచ్చిన నాన్న.

యాభై మూడో పేజీ దగ్గర ముసల్ది ఆగింది.
మరియమాత తేరు ముందు ఏ వీధికి వెళ్లాలని
పై వీధీ కింద వీధీ కొట్టుకున్న కాలం.
రెండేళ్లు రెండు జపమాలలు, రెండు వేళల్లో.
ఈ వీధి బిడ్డకి ఆ వీధి వాళ్లు
జ్ఞానతండ్రిగా నిలబడలేదు.
ఎవరు మొదలెట్టారు అన్నాను.
"అది రాయకమ్మా.
ఏరు కడిగింది, మళ్లీ నువ్వెందుకు మురికి చేస్తావు."
కలం మూత పెట్టాను.
ఇంటికెళ్లాక తీశాను.
మళ్లీ పెట్టాను.

"మరి నేను?"
"నువ్వా! మినపచేలు మునిగిన ఏడు,
మీ అమ్మని తలుపుచెక్క మీద పడుకోబెట్టి
గట్టెక్కించాం."
లెక్క వేస్తే బడి రికార్డు కంటే
పద్నాలుగు నెలలు ముందు పుట్టాను.
అంటే సర్కారు జీతం పద్నాలుగు నెలలు ఎక్కువ తిన్నాను.
దీనికి పాపసంకీర్తనం చెయ్యాలా ఫాదర్ అంటే
ఆయన గొడుగు విప్పుకుంటూ
"ముందు పుస్తకం పూర్తి చెయ్యండి టీచరుగారూ" అన్నారు.

నీలి పేజీలు పారెయ్యబుద్ధి కాలేదు.
డాబా మీద ఆరేసి, రాళ్లు పెట్టి,
ఒకటి తెచ్చి శౌరమ్మ ఒళ్లో పెట్టాను.
అరచెయ్యి ఆన్చి, మెల్లగా జరిపి, ఓ చోట ఆపి
"ఇదుగో, ఇక్కడే నువ్వు" అంది.

వంగి చూశాను.
కళ్లున్నది నాకే.
నీలం.